రహస్య సంఖ్య ఎవరి చేతిలో?

వానలు ముఖం చాటేసిన ఏడాది మార్కాపురం ప్రాంతంలోని అర్ధవీడు వంటి మెట్ట మండలాల నుండి కూలీలు హైదరాబాదుకో, బెంగళూరుకో వలస పోవడం పరిపాటి. ఒకప్పుడు వారి కష్టార్జితం మనియార్డరు రూపంలో ఇల్లు చేరేది. నూరు రూపాయలకు ఐదు రూపాయల రుసుము. ఆపై రోజుల తరబడి నిరీక్షణ. అయినా, అక్షరజ్ఞానం లేని తల్లి వేలిముద్ర వేస్తే పక్కన ఒక సాక్షి సంతకం ఉండేది. ఫారం అడుగున కొడుకు రాయించిన రెండు మాటలను తపాలా జవాను చదివి వినిపించేవాడు.

2016లో యూపీఐ వచ్చింది. ఫోన్‌పే, గూగుల్ పే వంటి వాటి ద్వారా రుసుము లేకుండానే సొమ్ము క్షణంలో చేరుతున్నది. ఇది నిస్సందేహంగా మేలే. కాని ఆ తల్లి ఖాతాకు తాళంచెవి వంటి రహస్య సంఖ్య చాలా ఇళ్ళలో పొరుగింటి కుర్రవాడికి కంఠస్థం. నాటి సాక్షి చూసేవాడే గాని, సొమ్ము తీయగలవాడు కాడు. పైగా, సొమ్ము పుచ్చుకోవడానికి ఆ సంఖ్యతో పనే లేదు, పంపడానికే కావాలి. ఈ చిన్న సంగతి తెలియకనే ఎందరో మోసపోతున్నారు.

మామూలు ఫోనుతోనూ చెల్లింపులు జరిపే వీలు ఉంది. పండుగకు ఇంటికి వచ్చిన కొడుకు తల్లికి చీరతో పాటు ఆ అంకెలు నొక్కడమూ నేర్పాలి. ఆమె నొక్కుతున్నంతసేపు అతడూ చూపు మరల్చుకోవాలి.