బజారు దగ్గర ఇల్లు

కొత్తగా విశాఖ వచ్చినవాళ్లను అందరూ కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి చూసి రమ్మంటారు. చూడాల్సినవే. కానీ ఊరితో చనువు కుదిరేది రైతుబజారులోనే అని నా గట్టి నమ్మకం. 1999లో మొదలైన ఈ బజార్లు తెలుగువాళ్లకు దొరికిన గొప్ప వరం. పొద్దున్నే సంచీ పట్టుకుని ఎంవీపీ కాలనీ బజారుకెళ్లి, ధరల బోర్డు చదివి, ఆనపకాయ లేతదో కాదో గోరు గుచ్చి చూస్తుంటే, "రేపు రండమ్మా, బచ్చలి తెస్తాను" అంటుంది అమ్మే ఆమె. ముక్కూమొహం తెలియని ఊళ్లో మన రాక కోసం ఒకరు చూడటం ఎంత హాయి! అద్దెకు దిగేవాళ్లు గదుల కొలతలకన్నా ముందు బజారు ఎంత దూరమో అడగాలి.