బ్యాంకాక్ వెళ్తున్నారా? పిలవకుండా వచ్చే సాయంతో జాగ్రత్త

లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, నా ఇన్‌బాక్స్ నిండా ఒకటే ప్రశ్న. "బ్యాంకాక్ సేఫేనా అండీ?" హైదరాబాద్ నుంచి నాలుగు గంటల లోపు ప్రయాణం, ఆఫర్ తగిలితే గోవా ఖర్చుతోనే పని అయిపోతుంది. మొదటిసారి పాస్‌పోర్టు మీద స్టాంపు పడేది చాలామందికి అక్కడే.

సేఫే. రాత్రి పదకొండింటికి కూడా అమ్మాయిలు ఒంటరిగా బీటీఎస్ రైలెక్కి ఇంటికెళ్లే ఊరు అది. కత్తి చూపించి పర్సు లాక్కోవడం లాంటివి టూరిస్టులకు అరుదు. మరి మనవాళ్ల డబ్బులు ఎలా పోతున్నాయి? నవ్వుతూ పోతున్నాయి. ఎవరో ఒకరు దగ్గరికొస్తారు, మర్యాదగా పలకరిస్తారు, సాయం చేస్తామంటారు. మనమే పర్సు తీసి ఇస్తాం.

అందుకే నేను అడిగినవాళ్లందరికీ ఒక్క రూలే చెప్తాను. మీరు వెళ్లి అడిగిన మనిషిని నమ్మండి. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన మనిషికి దణ్ణం పెట్టి ముందుకు నడవండి. లాజిక్ సింపుల్. రోడ్డు మీద వెళ్లే వెయ్యిమందిలో మీరు ఒకర్ని ఆపి దారి అడిగితే, ఆ మనిషి మంచివాడయ్యే అవకాశమే చాలా ఎక్కువ. కానీ అదే వెయ్యిమందిలోంచి ఒకడు ఏరికోరి మీ దగ్గరికే వచ్చాడంటే, వాడికేదో పనుందన్నమాట. వంద భాట్ల మోసం నుంచి జీవితాన్ని తలకిందులు చేసే మోసం దాకా ఈ ఒక్క రూలూ పనికొస్తుంది. చిన్నవాటితో మొదలుపెడదాం.

ఫ్లైట్ ఎక్కకముందే

మొదటి వల మీ ఫోన్‌లోనే ఉంటుంది. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లే ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. టీడీఏసీ అంటారు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. కానీ గూగుల్‌లో వెతికితే అచ్చం గవర్నమెంటు సైట్‌లా కనిపించేవి ఎదురుపడి, సర్వీస్ చార్జీ అంటూ డాలర్లలో గుంజుతాయి. పైగా మీ పాస్‌పోర్టు వివరాలన్నీ వాళ్ల చేతికి పోతాయి. అడ్రస్ చివర 'గో డాట్ టీహెచ్' అని ఉందా లేదా చూడండి. డబ్బులు అడిగిందంటే అది అసలు సైట్ కాదు.

ఇండియన్లను వీసా లేకుండా రానివ్వడం 2023 నవంబరులో మొదలైంది. ఎన్ని రోజులు ఉండొచ్చు లాంటి రూల్స్ మాత్రం మారుతుంటాయి. కాబట్టి పాత రీల్ చూసి టికెట్ కొనకండి. ఢిల్లీలోని థాయ్ ఎంబసీ సైట్ ఒకసారి చూసుకోండి. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, కొంత క్యాష్ చేతిలో ఉంచుకోండి. ఇమిగ్రేషన్ కౌంటర్లో అడగొచ్చు.

సువర్ణభూమిలో దిగాక

ఎయిర్‌పోర్టు పేరు సువర్ణభూమి. లోపల క్షీరసాగర మథనం బొమ్మ కూడా ఉంది. అంతా మనదే అనిపిస్తుంది. ఆ మురిపెంలో ఉండగానే "ట్యాక్సీ సార్, ట్యాక్సీ?" అంటూ ఒకాయన వస్తాడు. ఆయనతో వెళ్లొద్దు. మొదటి ఫ్లోర్‌లో పబ్లిక్ ట్యాక్సీ మెషీన్ ఉంటుంది. బటన్ నొక్కితే టోకెన్ వస్తుంది. ఆ టోకెన్ పారేయకండి, కంప్లయింట్ ఇవ్వాలంటే అదే ఆధారం. మీటరు 35 భాట్‌తో మొదలవుతుంది. ఎయిర్‌పోర్టు చార్జీ 50 భాట్, టోల్ మీరే కట్టాలి. మీటరు వేయనంటే దిగిపోండి. గ్రాబ్, బోల్ట్ యాప్‌లు కూడా పనిచేస్తాయి. లగేజీ తక్కువుంటే ఇవేవీ అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఎక్కితే 45 భాట్‌లో అరగంటకు ఫయా థాయ్ స్టేషన్‌లో ఉంటారు, అక్కడ బీటీఎస్ మారొచ్చు.

డబ్బు మార్చుకోవడానికి బ్యాగేజీ బెల్టు పక్కనున్న కౌంటర్ దగ్గర ఆగకండి. కింద రైల్ లింక్ ఫ్లోర్‌లో ఉన్నవాటిలో రేటు మెరుగ్గా ఉంటుంది. ఏటీఎంలో ఒక్కో విత్‌డ్రాకి రెండొందల భాట్‌కి పైగా ఫీజు పోతుంది, కాబట్టి చిన్న మొత్తాలు పదేపదే తీయొద్దు. "రూపాయల్లో లెక్క కట్టమంటారా?" అని మెషీన్ అడిగితే వద్దనే నొక్కండి. ఆ లెక్కలో రేటు వాళ్లిష్టం.

"ప్యాలెస్ ఇవాళ మూసేశారు"

బ్యాంకాక్‌లో బాగా పాతబడినా ఇంకా చెల్లుతున్న మోసం ఇదే. గ్రాండ్ ప్యాలెస్ వైపు నడుస్తుంటారు. ఇస్త్రీ చొక్కా, ఒక్కోసారి మెడలో ఐడీ కార్డు. "ఎక్కణ్నుంచి వచ్చారు? ఇండియానా? షారుఖ్ ఖాన్!" అని నవ్వుతాడు. తర్వాత బాధగా మొహం పెట్టి, "అయ్యో, ఇవాళ బౌద్ధుల పండగ. ప్యాలెస్ ఒంటిగంట దాకా తెరవరు. ఈలోపు ఇరవై భాట్‌కే టుక్‌టుక్‌లో మూడు గుళ్లు చూసిరండి" అంటాడు. టుక్‌టుక్ పక్కనే రెడీగా ఉంటుంది.

ఇరవై భాట్‌కి అన్ని గుళ్లు ఎలా తిప్పుతాడు? దారిలో రాళ్ల నగల షాపు దగ్గరో, సూట్లు కుట్టే టైలర్ దగ్గరో ఆపుతాడు. మిమ్మల్ని లోపలికి పంపినందుకు వాడికి కమీషన్. మధ్యలో ఒక గుడి దగ్గర ఇంకో "టూరిస్టు" తగిలి, "ఇక్కడ నీలాలు కొని మా ఊళ్లో డబుల్ రేటుకి అమ్మాను" అంటాడు. వాడూ ఆ బ్యాచే. ఆ రాయి ఇక్కడికి తెచ్చి చూపిస్తే, కొన్న ధరలో చిన్న ముక్క కూడా రాదు.

నేను అక్కడ నీడలో నిలబడి పావుగంట చూశాను. ఒకే మనిషి మూడు ఫ్యామిలీలను ఆపాడు. రెండు ఫ్యామిలీలు టుక్‌టుక్ ఎక్కాయి. అక్కడికి రెండు నిమిషాల నడకలో ప్యాలెస్ గేటు బార్లా తెరిచే ఉంది! రాజకుటుంబం కార్యక్రమాలున్న కొన్ని రోజులు తప్ప, రోజూ పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా టికెట్లు ఇస్తారు. విదేశీయులకు 500 భాట్. మూసేశారో లేదో గేటు దాకా వెళ్లి మీ కళ్లతో చూసుకోండి. సనం చాయ్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు, లేదా పడవలో తా చాంగ్ రేవు దగ్గర దిగొచ్చు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. షార్ట్స్‌తో లోపలికి పంపరు.

రాత్రి మెట్లెక్కే ముందు

పాట్‌పాంగ్ లాంటి వీధుల్లో లామినేట్ చేసిన కార్డు చూపించి "షో ఫ్రీ, బీరు వంద భాటే" అని పిలుస్తారు. మెట్లెక్కి పై ఫ్లోర్‌కి వెళ్లాక బిల్లు వేలల్లో వస్తుంది. తలుపు దగ్గర ఇద్దరు బలమైనవాళ్లు నిలబడతారు. అసలు ఎక్కకపోవడమే మందు. ఎవరైనా ఇరుక్కుంటే అరవొద్దు, తోయొద్దు. బేరమాడి వీలైనంత తక్కువ ఇచ్చి బయటపడి, కిందికొచ్చాక టూరిస్ట్ పోలీసుకి ఫోన్ కొట్టండి. నంబరు 1155. ఇంగ్లిష్‌లో మాట్లాడతారు.

మన ప్యాకేజీల్లో పట్టాయా ఎలాగూ ఉంటుంది. అక్కడ బీచ్‌లో జెట్‌స్కీ అద్దెకిచ్చి, తిరిగొచ్చాక ఎప్పటిదో గీత చూపించి వేల భాట్ అడిగే బ్యాచులున్నాయి. ఎక్కకముందే నాలుగు వైపులా, అడుగు భాగంతో సహా వీడియో తీయండి. స్కూటీ తీసుకున్నా అంతే. పాస్‌పోర్టు మాత్రం ఎవరికీ తాకట్టు పెట్టొద్దు. అది వాళ్ల చేతిలో ఉంటే వాళ్లు చెప్పిందే రేటు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా బండి నడిపి పడితే, ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ సాధారణంగా చేతులెత్తేస్తుంది.

తెలియక చేశానంటే కుదరదు

ఇప్పటిదాకా చెప్పినవాటిలో పోయేది డబ్బే. ఇక్కణ్నుంచి విషయం సీరియస్.

వేప్ ఇంట్లో వదిలేయండి. 2014 నుంచి థాయ్‌లాండ్‌లో ఈ-సిగరెట్ల దిగుమతి నిషేధం. రోడ్డు పక్కన అమ్ముతున్నారు కదా అనుకోవద్దు. పట్టుబడితే ఫైన్, కేసు.

రాజు గురించి జోకులొద్దు. అక్కడి రాజులను రామ అనే పేరుతో లెక్కపెడతారు, ఇప్పుడున్నది పదో రామ. రాజును, రాణిని, యువరాజును అవమానిస్తే క్రిమినల్ కోడ్ 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. మీకు సరదాగా అనిపించిన రీల్ అక్కడ కేసు కావచ్చు. నోటు మీద ఉన్నది కూడా రాజు బొమ్మే, కిందపడితే కాలితో తొక్కి ఆపకండి.

"ఈ బ్యాగొకటి మా తమ్ముడికి ఇచ్చెయ్"

థాయ్‌లాండ్ 2022లో గంజాయిని డ్రగ్స్ జాబితా నుంచి తీసేసింది. 2025 జూన్‌లో మళ్లీ బిగించి, ప్రిస్క్రిప్షన్ ఉండాలంది. అక్కడి షాపుల బోర్డులు చూసి మనకూ పర్లేదనుకుంటే అంతే సంగతులు. బ్యాంకాక్ ఫ్లైట్లలో వచ్చిన హైడ్రోపోనిక్ గంజాయిని శంషాబాద్‌లో పట్టుకున్న వార్తలు మీరూ చూసుంటారు. పట్టుబడేవాళ్లలో చాలామంది ఫ్రీ టికెట్, హోటల్, చేతిఖర్చు ఇస్తామంటే వెళ్లిన కుర్రాళ్లే. పంపినవాడు ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి కిలో దాటితే పదేళ్ల దాకా, 20 కిలోలు దాటితే పది నుంచి ఇరవై ఏళ్లు. "లోపల ఏముందో నాకు తెలీదు" అంటే, ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది మీరే.

ఊరికే విదేశం తిప్పి తెస్తామనేవాళ్లు ఉండరు. టికెట్ డబ్బు ఎవరు పెడుతున్నారు, ఎందుకు పెడుతున్నారు అని అడగండి. మీ చేత్తో సర్దని బ్యాగు మీ పేరు మీద చెక్‌-ఇన్ చేయొద్దు. ఎంత ఫ్రెండైనా సరే.

ఉద్యోగం పేరుతో పిలుపు

ఇది టూరిస్టుల సంగతి కాదనుకోకండి. వీళ్లు వెళ్లేది కూడా టూరిస్టులుగానే. టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ, డిజిటల్ మార్కెటింగ్, మంచి జీతం, ఇంటర్వ్యూ పది నిమిషాలు. "వీసా అక్కర్లేదు బ్రో, టూరిస్టుగా వచ్చెయ్, ఇక్కడికొచ్చాక చూసుకుందాం." ఎయిర్‌పోర్టులో కారు రెడీగా ఉంటుంది. కానీ అది సిటీలోకి వెళ్లదు. దాదాపు 500 కిలోమీటర్లు వాయవ్యానికి, మే సాట్ అనే సరిహద్దు ఊరికి వెళ్తుంది. అక్కడ మోయీ నది దాటిస్తే మయన్మార్‌లోని మ్యావాడీ. చుట్టూ గోడలు, గన్‌లతో కాపలా. లోపల పని ఏంటంటే, ఫేక్ ప్రొఫైల్స్‌తో జనాన్ని మోసం చేయడం. టార్గెట్ కొట్టకపోతే దెబ్బలు.

ఇదేదో చదువురాని వాళ్లకు జరిగేది కాదు. 2025 జనవరిలో చైనా నటుడు వాంగ్ షింగ్ షూటింగ్ ఉందంటే బ్యాంకాక్‌లో దిగి అక్కడికే చేరాడు. తర్వాత విడిపించారు. అదే ఏడాది మార్చిలో మన వైమానిక దళం విమానాలు మే సాట్ నుంచి 500 మందికి పైగా ఇండియన్లను వెనక్కి తెచ్చాయి. వాళ్లలో తెలంగాణ, ఆంధ్ర కుర్రాళ్లూ ఉన్నారు.

థాయ్‌లాండ్‌లో పని చేయాలంటే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్ రెండూ కావాలి. "టూరిస్టుగా వచ్చెయ్" అన్నారంటే అక్కడితో చాట్ ఆపేయండి. ఏజెంటు పేరు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో వెతకండి. అనుమానం ఉంటే బ్యాంకాక్‌లోని ఇండియన్ ఎంబసీకి మెయిల్ పెట్టండి. ఇప్పటికే కారులో ఉన్నారా? మ్యాప్ తీసి చూడండి. కారు సిటీ దాటి వెళ్తుంటే పెట్రోల్ బంకులోనో, సెవెన్ ఇలెవెన్ దగ్గరో బాత్రూమ్ అని చెప్పి దిగి, జనంలోకి వెళ్లి 1155కి ఫోన్ చేయండి. నది దాటకముందు ఎంత లేటైనా లేటు కాదు. దాటాక థాయ్ పోలీసుల చేతిలో ఏమీ ఉండదు.

ఫోన్‌లో ఇప్పుడే పెట్టుకోవాల్సినవి

టూరిస్ట్ పోలీస్ 1155, మామూలు పోలీస్ 191, అంబులెన్స్ 1669. ఇండియన్ ఎంబసీ సుఖుమ్విత్ రోడ్డులో సోయ్ 23లో ఉంది, ఎమర్జెన్సీ నంబరు వాళ్ల సైట్‌లో ఉంటుంది. పాస్‌పోర్టు ఫొటో ఒకటి మీ మెయిల్‌లో, ఒకటి ఇంట్లోవాళ్ల వాట్సాప్‌లో ఉంచండి. ట్రిప్ జరిగినన్ని రోజులూ ఒక్కరికైనా లైవ్ లొకేషన్ ఆన్ చేసి పెట్టండి. అమ్మకి చెప్తే కంగారుపడుతుందనుకుంటే అక్కకో, రూమ్మేట్‌కో చెప్పండి. మీరు ఎక్కడున్నారో ఇక్కడ ఒక్కరికి తెలిసుంటే, వెతకడం ఆ ఊరి నుంచే మొదలవుతుంది.

ఇంత చదివాక టికెట్ క్యాన్సిల్ చేయకండి. వాట్ అరుణ్‌ని ఎదుటి ఒడ్డు నుంచి సాయంత్రం వెలుగులో చూడాల్సిందే. చైనాటౌన్‌లో రోడ్డు పక్కన నిలబడి తినాల్సిందే. దారి తప్పితే మీరే వెళ్లి ఓ కాలేజీ పిల్లనో, షాపులో పెద్దావిడనో అడగండి. భాష రాకపోయినా వీధి చివరిదాకా నడిచొచ్చి చూపిస్తారు. ఇక ఉద్యోగమంటూ బ్యాంకాక్ బయల్దేరుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, ఇది వాళ్లకి ఇవాళే పంపండి.