ముద్ర తెరకే గాని మన అలవాట్లకు కాదు



కంటి మంట, మెడనొప్పి, సాయంత్రానికల్లా తలనొప్పి అంటూ సలహా కోసం వచ్చేవారి నోట ఈ మధ్య ఒక మాట తరచుగా వింటున్నాను. "డాక్టరుగారూ, మాది మామూలు మానిటర్ కాదండీ. పర్యావరణ ధ్రువీకరణ పొందినది. ఎక్కువ ధర పెట్టి కొన్నాం. అయినా ఈ బాధలేమిటి?" మందు కొని అలమారలో దాచి, జ్వరం ఎందుకు తగ్గలేదని వైద్యుణ్ణి నిలదీసినట్టుంది ఈ ప్రశ్న. ధ్రువీకరణ తెరకు లభించింది. ఆ తెరను ఎక్కడ పెట్టారు, ఎలా చూస్తున్నారు, ఎప్పుడు ఆపుతున్నారు అన్న విషయాలకు ఎవరూ ధ్రువీకరణ ఇవ్వలేదు, ఇవ్వలేరు.

మొన్న మా మేనల్లుడి ఇంటికి వెళ్ళాను. కొత్త మానిటర్‌ను గర్వంగా చూపించాడు. "ఇది గ్రీన్ మానిటర్, మామయ్యా" అన్నాడు. దానిని సీపీయూ పెట్టె మీద ఎత్తుగా నిలబెట్టాడు. తెర వెనుక పెద్ద కిటికీ, దాని నిండా ఎండ. ఆ ఎండతో పోటీ పడటానికి తెర వెలుగును నూటికి నూరు పెట్టాడు. గడ్డం పైకెత్తి, కళ్ళు చికిలించి పనిచేస్తున్నాడు. పాత మానిటర్ ఏమైందిరా అంటే, వీధిలో వచ్చిన పాత సామాన్లవాడికి ఇచ్చేశానన్నాడు. ధ్రువీకరణ పత్రంలో ఏ మేలు రాసి ఉందో, ఆ మేలునంతా ఒక్క పూటలో రద్దు చేసుకున్నాడు. చదువుకున్న కుర్రవాడే. తప్పు అతనిదొక్కడిదే కాదు. ముద్రను అమ్మినవారు దాని అర్థాన్ని చెప్పలేదు.

ఆ అర్థం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మానిటర్లకు ఇచ్చే ధ్రువీకరణలలో పేరుపొందిన టీసీఓ ముద్ర స్వీడన్‌లో పుట్టింది. దానిని పుట్టించినది ప్రభుత్వం కాదు, కంపెనీ కాదు. అక్కడి ఉద్యోగుల సంఘాల సమాఖ్య. ఆ సమాఖ్య పేరులోని అక్షరాలే ముద్రకు పేరయ్యాయి. అవి బరువైన గాజు గొట్టపు మానిటర్ల రోజులు. రోజంతా వాటి ముందు కూర్చునే గుమాస్తాల ఆరోగ్యం కోసం విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను తగ్గించాలనీ, వాడనప్పుడు మానిటర్ తనంతట తాను తక్కువ కరెంటు స్థితికి వెళ్ళాలనీ 1992లో వారు షరతులు పెట్టారు. ఆ తరువాతి ముద్రలలో హానికర పదార్థాల నియంత్రణ, తెర స్పష్టత, ఉత్పత్తి చేసే కార్మికుల పరిస్థితులు వంటి అంశాలు చేరుతూ వచ్చాయి. అమెరికా పర్యావరణ సంస్థ ప్రారంభించిన ఎనర్జీ స్టార్ కూడా 1992 నాటిదే. అది ప్రధానంగా విద్యుత్ పొదుపును చూస్తుంది. 2006లో వచ్చిన ఈపీట్ పర్యావరణ ప్రమాణాలను బట్టి కాంస్య, రజత, స్వర్ణ శ్రేణులు ఇస్తుంది.

గమనించండి. టీసీఓ ముద్ర పనిచేసే మనిషి ఒంటి బాధ నుంచి పుట్టింది. ఈనాడు మన నగరాలలో కొన్ని కార్యాలయాలు అదే ముద్ర ఉన్న తెరలను వందల సంఖ్యలో కొని, వార్షిక నివేదికలో ఆకుపచ్చ బొమ్మలతో అచ్చు వేసుకుంటాయి. ఆ తెరల ముందు కూర్చున్నవారికి మాత్రం గంటకొకసారి లేచి నాలుగడుగులు వేసే వెసులుబాటు ఉండదు. ఎత్తు మార్చుకునే కుర్చీ అడిగితే బడ్జెట్ లేదంటారు. ఉద్యోగి ఆరోగ్యం కోసం పుట్టిన ముద్రను ఉద్యోగి ఆరోగ్యాన్ని మరుగుపరచడానికి వాడుకోవడం న్యాయమా? ఈ ప్రశ్న నేను యజమానులను అడుగుతున్నాను. ఉద్యోగులు కూడా అడగాలి.

అయితే ధ్రువీకరణ వృథాయేనా? కానే కాదు. కొత్తది కొనక తప్పనప్పుడు స్వతంత్ర పరీక్షకు నిలిచిన తెరనే కొనండి. కాకపోతే రెండు సంగతులు గుర్తుంచుకోండి. ధ్రువీకరణ కంపెనీ మొత్తానికి కాదు, ఒక్కొక్క మోడల్‌కు ఇస్తారు. కాబట్టి మోడల్ సంఖ్యను ఆ సంస్థ జాబితాలో సరిచూసుకోవాలి. రెండవది, పెట్టె మీద ఆకు బొమ్మ వేసి 'ఎకో' అనో, 'ఐ కేర్' అనో రాసుకున్నంత మాత్రాన అది ధ్రువీకరణ కాదు. చాలా మానిటర్లలో ఎకో మోడ్ అంటే వెలుగును తగ్గించే ఒక అమరిక, అంతే. ఆ పని మీ వేలితో మీరే చేసుకోవచ్చు.

ఇక అమరిక సంగతి. దీనికి పైసా ఖర్చు లేదు. అందుకేనేమో ఎవరూ ప్రచారం చేయరు.

తెరను చేయి చాచినంత దూరంలో, అంటే ఇంచుమించు 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. తెర పై అంచు మీ కంటి మట్టానికి సమానంగా గాని, కాస్త కిందుగా గాని ఉండాలి. చూపు కొద్దిగా కిందికి వాలినప్పుడు రెప్ప కంటిని ఎక్కువగా కప్పుతుంది, తడి త్వరగా ఆరిపోదు. తల ఎత్తి చూస్తే మెడ కండరాలూ బిగుసుకుంటాయి, కళ్ళూ ఎండుతాయి. చత్వారం వచ్చి బైఫోకల్ లేదా ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవారు తెరను ఇంకా కిందికి దించుకోవాలి. లేకపోతే అద్దం కింది భాగంలోంచి చూడటానికి గడ్డం ఎత్తక తప్పదు. ఈ ఒక్క సవరణతోనే మెడనొప్పి తగ్గినవారిని నేను చూశాను.

కిటికీ తెరకు వెనుకా వద్దు, ఎదురుగానూ వద్దు, పక్కన ఉండాలి. వెలుగు సరిపోయిందో లేదో తేల్చడానికి ఒక తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకోండి. తెర కాగితం కంటే దీపంలా వెలిగిపోతుంటే వెలుగు ఎక్కువైనట్టు, మసకగా బూడిద రంగులో కనిపిస్తే తక్కువైనట్టు. అక్షరాలు చిన్నవిగా ఉంటే తెర రిజల్యూషన్ తగ్గించకండి, అక్షరాలు అలుక్కుపోతాయి. తెర సహజ రిజల్యూషన్‌ను అలాగే ఉంచి అక్షరాల పరిమాణాన్ని పెంచుకోండి.

మనం సాధారణంగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. తెరను తదేకంగా చూసేటప్పుడు అది సగానికి, ఒక్కోసారి అంతకంటే తక్కువకు పడిపోతుంది. కంటిలో ఇసుక పడినట్టు గరగరలాడటానికి ముఖ్య కారణం ఇదే. ఏ ముద్రా మీ బదులు రెప్ప వేయదు. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్ల పాటు చూడండి. మధ్యమధ్య లేచి నడవండి.

ఇవి చెప్పేవారు కరువై, బ్లూ-కట్ అద్దాలు అమ్మేవారు ఎక్కువయ్యారు. తెర నుంచి వచ్చే నీలి కాంతి కళ్ళను పాడుచేస్తుందని భయపెట్టి అదనపు సొమ్ము వసూలు చేస్తున్నారు. ఈ అద్దాల మీద జరిగిన పరీక్షలను సమీక్షించి 2023లో కాక్రేన్ సంస్థ వెలువరించిన నివేదిక, మామూలు అద్దాలతో పోలిస్తే ఇవి తెర వల్ల కలిగే కంటి అలసటను తగ్గించకపోవచ్చని తేల్చింది. అమెరికా నేత్రవైద్యుల అకాడమీ కూడా కంప్యూటర్ వాడకం కోసం వీటిని సిఫారసు చేయడం లేదు. ఆ డబ్బుతో ఒకసారి కంటి పరీక్ష చేయించుకుని సరైన పవర్ అద్దాలు పెట్టుకోవడం మేలు.

వైద్యుడికి కరెంటు లెక్కలెందుకని కొందరు అనుకోవచ్చు. మన రెండు రాష్ట్రాలలో విద్యుత్తులో పెద్ద భాగం బొగ్గు మండిస్తే వస్తున్నదే. ఆ పొగ, ఆ బూడిద చివరికి చేరేది ఎవరి ఊపిరితిత్తులలోకో రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం వాసులను అడగండి. కనుక ఇది ఆరోగ్య విషయమే. ఒక మానిటర్ 20 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులు వాడితే 48 యూనిట్లు. అదే ఏడాది పొడుగునా రాత్రింబగళ్ళు వెలుగుతూ వదిలేస్తే 175 యూనిట్లు. తేడా 127 యూనిట్లు. ఆ తేడా ముద్ర వల్ల రాదు, మన చేతి వల్ల వస్తుంది. స్క్రీన్ సేవర్ పెట్టామని తృప్తి పడేవారున్నారు. అది పాత గాజు తెరల మీద మచ్చ పడకుండా పెట్టిన ఏర్పాటు, కరెంటును ఆదా చేయదు. కొన్ని నిమిషాలు వాడకపోతే తెర ఆరిపోయేలా అమర్చుకోండి. రాత్రి స్విచ్ ఆపండి.

చివరిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. చక్కగా పనిచేస్తున్న తెరను తీసేసి, పర్యావరణం పేరుతో కొత్తది కొనడం పర్యావరణ సేవ కాదు. దానిని తయారు చేయడానికి గనులు తవ్వారు, నీరు వాడారు, కరెంటు ఖర్చు పెట్టారు. పనిచేసే తెరను ఇంకో నాలుగేళ్ళు వాడటమే పెద్ద ధ్రువీకరణ. పాడైతే ముందు బాగుచేయించండి. బాగుకాకపోతే దాని అంత్యక్రియలు సక్రమంగా జరిపించండి. పాత గొట్టపు మానిటర్ల గాజులో సీసం ఉంటుంది. ఎల్‌ఈడీకి ముందు వచ్చిన చాలా పల్చటి తెరల వెనుక వెలిగే దీపాలలో పాదరసం ఉంటుంది. రాగి కోసం వాటిని సుత్తితో పగలగొట్టి, తీగలు కాల్చే చేతులు పేదవారివి, కొన్నిచోట్ల పిల్లలవి. సీసం పసిమెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందన్నది వైద్యశాస్త్రంలో సందేహం లేని విషయం. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనలు వీటి పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. పెద్ద సంస్థలు తమ పాత సామగ్రిని నమోదైనవారికే అప్పగించాలని ఆదేశించాయి. మనం చేయవలసినదల్లా వంద రూపాయలకు ఆశపడకుండా, నమోదైన సేకరణ కేంద్రానికి దానిని చేర్చడమే.

మా మేనల్లుడు ఆ సాయంత్రమే మానిటర్‌ను పెట్టె మీద నుంచి దించాడు, బల్లను పక్కకు తిప్పాడు, వెలుగు తగ్గించాడు. పాత మానిటర్ మాత్రం తిరిగి రాలేదు. అది ఇప్పుడు ఏ గల్లీలో, ఏ పిల్లవాడి చేతి కింద పగులుతోందో మాకు తెలియదు.

మీ ఇంట్లో పాత తెర ఇంకా అటక మీదే ఉంటే, మీకు ఆ అవకాశం మిగిలే ఉంది. ఈ వ్యాసం చదవడం ముగించి, ముందు మీ తెర వెలుగు సరిచూసుకోండి. ఆ తరువాత ఒకసారి కిటికీలోంచి దూరంగా చూడండి.