పెద్దింటి కొలువు... లెక్క చూసుకునే చేరాలి

డిగ్రీ చేతికొచ్చింది. ఇంగ్లిషు బాగానే మాట్లాడగలరు. కంప్యూటర్ మీద చేయి తిరిగింది. 'ఫ్యామిలీ ఆఫీసులో ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ కావలెను' అన్న ప్రకటన కంటపడింది. జీతమూ ఊరిస్తోంది. ఇంతకీ ఏమిటీ ఫ్యామిలీ ఆఫీసు?

సంపన్న కుటుంబం తన ఆస్తులు, పెట్టుబడులు, పన్నులు, దానధర్మాల వ్యవహారాలు చూసుకోవడానికి పెట్టుకునే సొంత కార్యాలయం అది. అమెరికాలో రాక్‌ఫెల్లర్ 1882లోనే ఇలాంటిది ఏర్పాటు చేసుకున్నారు. మన దేశంలో అజీమ్ ప్రేమ్‌జీకి ప్రేమ్‌జీ ఇన్వెస్ట్, నారాయణమూర్తి కుటుంబానికి కాటమరాన్ ఉన్నాయి. ఇవి పేరున్నవి. అయిదారుగురు సిబ్బందితో నడిచే చిన్న ఆఫీసులూ ఉంటాయి.

ఇక్కడ పనికి హద్దులుండవు. పొద్దున మీటింగు కాగితాలు, మధ్యాహ్నం అమ్మాయిగారి వీసా, సాయంత్రం ఫామ్‌హౌస్ కరెంటు బిల్లు. రాత్రి పదింటికి ఫోను మోగినా ఎత్తాల్సిందే. జీతం ఎక్కువిస్తామన్నప్పుడు, మిగతా చోట ఏం తగ్గుతోందో చూసుకోవాలి.

చేతికొచ్చేదే జీతం కాదు

భవిష్య నిధి చట్టం సాధారణంగా 20 మంది ఉన్న సంస్థలకు తప్పనిసరి. గ్రాట్యుటీకి 10 మంది ఉండాలి. ఆరుగురున్న ఆఫీసులో ఈ రెండూ యజమాని ఇష్టం మీదే ఆధారపడతాయి. బేసిక్, డీఏ కలిపి రూ.52,000 అనుకుందాం. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలకు 26 రోజుల లెక్కన గ్రాట్యుటీ రూ.30,000. పదేళ్లకు మూడు లక్షలు! నెల జీతంలో కనబడే రెండు మూడు వేల తేడా కోసం ఇంత వదులుకోవచ్చా?

అందుకే ముందు అడగాల్సింది, నియామక పత్రం ఎవరి పేరు మీద ఇస్తారని. కుటుంబానికి చెందిన పెద్ద కంపెనీ ఖాతాలో ఉద్యోగమైతే ఈ సదుపాయాలు వర్తిస్తాయి. చిన్న ఆఫీసైనా భవిష్య నిధిలో స్వచ్ఛందంగా చేరే వీలుంది. అడగడానికి మొహమాటపడొద్దు.

మెట్లు ఎన్ని?

టీసీఎస్‌లో రామదొరైకి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌గా పనిచేసిన చంద్రశేఖరన్ 2009లో ఆ సంస్థ సీఈఓ అయ్యారు, 2017లో టాటా సన్స్ చైర్మన్ అయ్యారు. పెద్ద కంపెనీలో పైకెక్కే మెట్లుంటాయి. ఫ్యామిలీ ఆఫీసులో అయ్యగారి పక్క కుర్చీ తర్వాత మరో కుర్చీ ఉండకపోవచ్చు. పెద్దాయన తర్వాత పిల్లలు ఆ ఆఫీసును కొనసాగిస్తారన్న హామీ కూడా లేదు. రతన్ టాటా 2024 అక్టోబరులో కన్నుమూశాక, ఆయన కార్యాలయంలో పనిచేసిన శంతను నాయుడు 2025 ఫిబ్రవరిలో టాటా మోటార్స్‌లో చేరారు. వెనక పెద్ద గ్రూపు ఉంది కనుక దారి దొరికింది. అందరికీ అలా దొరకదు.

కాబట్టి కుర్చీలో ఉండగానే ఏదో ఒక విద్య పట్టుకోవాలి. ఖాతాలు, పన్ను రిటర్నుల గడువులు, ఆస్తి పత్రాల నిర్వహణ నేర్చుకోండి. వీలైతే కంపెనీ సెక్రటరీ కోర్సు చదవండి. ఆ ఇంటి రహస్యాలు బయట చెప్పలేం. చేసిన పనిని మాత్రం అనుభవ పత్రంలో వివరంగా రాయించుకోవచ్చు. దాని నమూనాను చేరిన రోజే మాట్లాడుకుంటే మేలు. వెళ్లిపోయే రోజున అడిగితే రాసిచ్చే తీరిక ఎవరికుంటుంది?