ముందు చిరునామా, తర్వాతే ముద్రలు

నేను వృత్తిరీత్యా పిల్లల డాక్టర్ని. గ్రీటింగ్ కార్డుల తయారీ గురించి ఇంకొకరికి సలహా చెప్పే అర్హత నాకు బొత్తిగా లేదని మా ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కావలసిన సాక్ష్యం మా బేస్‌మెంట్లోనే ఉంది. మూడు ప్లాస్టిక్ పెట్టెల నిండా రబ్బరు స్టాంపులు, 23 రంగుల ఇంకు ప్యాడ్లు, ఎందుకు కొన్నానో నాకే గుర్తులేని కత్తెరలు, రిబ్బన్లు. ఇవన్నీ కొన్న మొదటి ఏడాదిలో నేను తయారు చేసిన కార్డులు ఎన్నో తెలుసాండీ? రెండు. అందులో ఒకటి పోస్టు చెయ్యనేలేదు. డాలర్లు పోసి నేర్చుకున్న ఆ పాఠాన్ని మన సంఘం కుటుంబాలకు ఉచితంగా అప్పజెప్పటానికే ఈ వ్యాసం.

డిసెంబరు నెల వచ్చిందంటే మన ఊళ్ళలో రోడ్డు పక్కన బల్లలు వేసి గ్రీటింగ్ కార్డులు అమ్మటం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సినిమా తారలు, గులాబీలు, మెరుపు పొడి చల్లిన సూర్యాస్తమయాలు! జేబులో ఉన్న రూపాయలను బట్టి ఎవరెవరికి పంపాలో నోటుపుస్తకం వెనక పేజీలో జాబితా వేసుకుని మరీ బయలుదేరేవాళ్ళం. ముందు మనిషి, ఆ తర్వాత కార్డు. ఈ దేశం వచ్చాక నేను ఆ వరసను తలకిందులు చేశాను. అసలు తప్పు అక్కడే జరిగింది.

ఈ పిచ్చి నాకెట్లా పట్టుకుందో కాస్త చెప్పాలి. మా నాన్నగారు కృష్ణా జిల్లాలో ఎమ్మార్వో ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. వేసవి సెలవుల్లో ఆయన వెంట ఆఫీసుకు వెళ్తే, చిత్తు కాగితాలు నా ముందు పడేసి, తారీఖు స్టాంపు వేసుకోనిచ్చేవారు. ఆ ఊదారంగు ఇంకు వేళ్ళకంటుకుంటే రెండు రోజులు పోయేది కాదు. అమ్మ పోయాక, 2019 నుంచి ఆయన మా అన్నయ్య దగ్గర ఉంటున్నారు. ఆదివారం ఆదివారం వీడియోలో పలకరించుకుంటాం. ఒకసారి నేను, "నాన్నా, మోకాలి నొప్పి ఎట్లా ఉంది?" అని అడిగితే ఆయన నవ్వుతూ, "ఆఁ, మొన్న బాగానే కురిసిందమ్మా" అన్నారు. నాకు గుండె గుభేలుమంది. అన్నయ్యనడిగితే, చెవి మిషను ఈల వేస్తోందని తీసి డ్రాయరులో పెట్టేశారట. ఆయన చాలాకాలంగా నా పెదవుల కదలికను చూసి తోచిన జవాబు చెబుతున్నారన్నమాట. రోజూ పాతికమంది పిల్లల చెవుల్లోకి దీపం వేసి చూసేదాన్ని. మా నాన్నకు నా మాట వినపడటం లేదని ఎన్ని నెలలు గమనించలేదో!

కళ్ళు మాత్రం ఆయనకు భేషుగ్గా ఉన్నాయి. పేపరును మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా చదువుతారు. సరే, ఉత్తరం వ్రాద్దామని కూర్చున్నాను. "మేమంతా క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అన్న దగ్గర కలం ఆగిపోయింది. తెల్లకాగితం అంత పెద్దదని నాకు అంతకుముందు తెలియదు. అప్పుడు కార్డు ఆలోచన వచ్చింది. చిన్న చోటు, నాలుగు వాక్యాలు చాలు, పైన మన చేతి బొమ్మ. ఆలోచన బంగారం లాంటిదే. కాని వెంటనే దుకాణానికి వెళ్ళాను. ఆ వెళ్ళటం ఏడాది పాటు వెళ్తూనే ఉన్నాను. పెట్టెలు నిండాయి గాని మా నాన్నకు ఉత్తరం వెళ్ళలేదు. ఎనభై ఏళ్ళ మనిషి విషయంలో ఒక ఏడాది అంటే ఎంతో, డాక్టరుగా నాకు ఎవరూ చెప్పక్కరలేదు.

కాబట్టి నా మొదటి సలహా వినటానికి వింతగా ఉంటుంది. దుకాణానికి వెళ్ళేముందు ఒక కాగితం తీసుకుని అయిదుగురి చిరునామాలు పిన్‌కోడుతో సహా వ్రాయండి. వ్రాయలేకపోతే ఇంటికి ఫోను చేసి కనుక్కోండి. మనలో చాలామందికి సొంత మేనత్త ఇంటి నంబరు తెలియదు, వాట్సాప్ నంబరు తప్ప. ఆ అయిదు చిరునామాలు గోడకు అంటించాక, ఆ అయిదు కార్డులకు సరిపడా సామాను మాత్రమే కొనండి.

ఇక ఆ సామాను సంగతి.

మొట్టమొదటిది కాగితం. ఇక్కడ అట్ట కాగితాన్ని పౌండ్ల లెక్కన అమ్ముతారు, ఆ లెక్కలో ఒక తిరకాసు ఉంది. నేను 80 పౌండ్ల "కవర్" కాగితం పక్కన పెట్టి, అంకె పెద్దది గదా అని 110 పౌండ్ల "ఇండెక్స్" కాగితం తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే అదే తేలిక! మా ఆయన ఇంజనీరు కనుక ఉత్సాహంగా వివరించారు. పౌండ్లంటే 500 షీట్ల బరువట. కాని ఒక్కో రకానికి ఆ షీటు కొలత వేరట. అందుకని పౌండ్లను పక్కన పెట్టి, చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చూడండి. 80 పౌండ్ల కవర్ కాగితం సుమారు 216 గ్రాములు, 110 పౌండ్ల ఇండెక్స్ సుమారు 199 గ్రాములు. మొదటి రకం, తెల్లది, ఒక్క కట్ట చాలు. 8.5 × 11 అంగుళాల షీటును సగానికి కోసి, ఒక్కో సగాన్ని మధ్యకు మడిస్తే 4.25 × 5.5 అంగుళాల కార్డులు రెండు వస్తాయి. దానికి సరిపోయే కవర్లను "ఏ2" అంటారు, ఎక్కడైనా దొరుకుతాయి. మడత నీటుగా రావాలంటే, మడిచే చోట ముందు ఒక గాడి గియ్యాలి. దానికి ప్రత్యేకం పనిముట్లు ఉన్నాయి గాని, సిరా అయిపోయిన బాల్ పెన్ను, స్కేలు చాలు.

రెండవది ఇంకు. 23 రంగులు కొన్నదాన్ని చెబుతున్నాను, నల్లరంగు ప్యాడు ఒక్కటి కొనండి. ఇంకుల్లో ముఖ్యంగా రెండు జాతులు. "డై" ఇంకు కాగితంలోకి ఇంకి త్వరగా ఆరిపోతుంది. "పిగ్మెంట్" ఇంకు కాగితం పైనే నిలిచి నెమ్మదిగా ఆరుతుంది, నున్నటి మెరుపు కాగితం మీదయితే అసలు ఆరనే ఆరదు. కొత్తవాళ్ళకు డై ఇంకే సుఖం. పిల్లల రంగు పెన్సిళ్ళు ఇంట్లో ఎట్లాగూ ఉంటాయి, బొమ్మలో రంగులు వాటితో నింపుకోవచ్చు.

మూడవది స్టాంపు. కొయ్యపిడికి అతికించిన ఎర్ర రబ్బరు స్టాంపులు తరాల తరబడి మన్నుతాయి, కాని చోటు తింటాయి, ధర ఎక్కువ. పారదర్శకంగా ఉండే మెత్తటి స్టాంపులు చవక. వాటిని ఒక అక్రిలిక్ దిమ్మకు తాత్కాలికంగా అంటించుకుని వాడతాం, ముద్ర ఎక్కడ పడుతుందో పైనుంచి కనపడుతుంది. ఎండలో పెట్టకూడదు. మొదట ఒక చిన్న సెట్టు, ఒక దిమ్మ తీసుకోండి. గీతల బొమ్మలున్నది ఎంచుకోండి. నిండుగా రంగు పడాల్సిన పెద్ద బొమ్మ కొత్త చేతికి మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు లేని ఆకు, పువ్వు, దీపం లాంటివయితే ఒకే స్టాంపు దీపావళికీ, సంక్రాంతికీ, మనవడి బారసాలకీ పనికొస్తుంది.

ముద్ర సరిగ్గా పడకపోతే స్టాంపును తిట్టకండి, కింద బల్లను చూడండి. మా నాన్నగారి ఊరికి దగ్గర్లోనే పెడన ఉంది. అక్కడ కలంకారీ అద్దకం వాళ్ళు చెక్క అచ్చులతో బట్ట మీద ముద్రలు వేసేటప్పుడు బల్ల మీద మెత్తటి పొరలు పరుచుకుంటారు. మనకు కూడా అదే సూత్రం. కార్డు కింద పాత మౌస్ ప్యాడో, నాలుగు మడతల పేపరో పెట్టి, నిలువుగా నొక్కి, నిలువుగా తీయండి. పని అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే చాలు.

వీటికి తోడు రెండువైపులా అంటుకునే టేపు, ఒక మంచి కత్తెర. అయిపోయింది. రెండోసారి బుద్ధి తెచ్చుకుని మొదలుపెట్టినప్పుడు నాకు మొత్తం 40 డాలర్ల లోపే అయింది.

వెంటనే కొనకూడనిది కూడా ఒకటి చెబుతాను. బంగారు పొడి చల్లి, వేడి చేసి, అక్షరాలను ఉబ్బెత్తుగా మెరిపించే పద్ధతి ఉంది. చూడటానికి ఎంతో బాగుంటుంది. దానికి నెమ్మదైన గాలితో ఎక్కువ వేడినిచ్చే ప్రత్యేకమైన యంత్రం కావాలి. నేను పొదుపు చేద్దామని జుట్టు ఆరబెట్టుకునే యంత్రం వాడాను. పొడి కరగటానికి ఆ వేడి చాలలేదు, ఎగరటానికి మాత్రం గాలి చక్కగా సరిపోయింది. పక్కన ఉన్న గిన్నెడు పులిహోర పారబోయాల్సి వచ్చింది.

తెలుగు అక్షరాల స్టాంపులు దుకాణంలో దొరకవు గదా అంటారా? అక్కడే అసలు సరదా. మా అమ్మాయి ఒక పెద్ద పెన్సిలు రబ్బరు మీద 'అ' అక్షరం చెక్కి అచ్చు వేస్తే, ఏ భాషకూ చెందని అక్షరం పడింది. అద్దంలో బొమ్మలాగా తిరగబడుతుందని ఇద్దరికీ తట్టలేదు. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద పెన్సిలుతో అక్షరం వ్రాసి, దాన్ని రబ్బరు మీద బోర్లించి రుద్దితే తిరగబడ్డ గీత దానంతటదే పడుతుంది. దాని చుట్టూ చెక్కితే అచ్చు సవ్యంగా వస్తుంది. చెక్కే పని పెద్దవాళ్ళ దగ్గర ఉండి చేయించాలి, కత్తి ఎప్పుడూ చేతికి ఎదురుగా రాకూడదు. మనం పంపిన మాటను స్టాంపుగా చేసిచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు తెలుగును టైపు అక్షరాలుగా కాక బొమ్మగా మార్చి పంపండి, లేకపోతే ఒత్తులూ గుణింతాలూ దేనికది విడిపోతాయి. తెలుగు బడికి వెళ్ళమంటే కడుపునొప్పి అనే మా అమ్మాయి, తాను చెక్కిన అక్షరాన్ని మాత్రం మరిచిపోలేదు.

పోస్టు సంగతి కూడా రెండు ముక్కలు. చదరపు కవరుకు ఇక్కడ అదనపు రుసుము పడుతుంది. పూసలూ, ముడులూ పెట్టి పావు అంగుళం మందం దాటిస్తే అది ఉత్తరం లెక్కలోకే రాదు. ఇండియాకు ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల ఉత్తరానికి "గ్లోబల్ ఫరెవర్" స్టాంపు ఒకటి సరిపోతుంది. మన మామూలు కార్డు, కవరుతో కలిపి అందులో సగానికి అటూఇటూగా తూగుతుంది.

"ఏమండీ డాక్టరుగారూ, మీ గంట విలువెంత, ఆ కార్డు విలువెంత?" అని ఒక స్నేహితురాలు ఎగతాళి చేశారు. న్యాయమైన ప్రశ్నే. చేత్తో చేసిన కార్డు చవక అని నేను అనను, కొన్న కార్డే చవక. కాని ఆ గంటసేపు నేను మా నాన్న గురించే ఆలోచిస్తాను. ఆదివారం పది నిమిషాల వీడియోలో ఒక కన్ను స్టవ్ మీద పెట్టి మాట్లాడిన రోజులు నాకు గుర్తున్నాయి. వాట్సాప్‌లో దీపం బొమ్మ ఒక్క నొక్కుతో యాభైమందికి వెళ్తుంది. ఆ యాభైమందిలో ఏ ఒక్కరూ అది తమకోసం వచ్చిందనుకోరు.

మన సంఘానికి ఒక మనవి. ముగ్గుల పోటీకి ఏటా డబ్బు ఖర్చు పెడుతున్నాం, మంచిదే. దానితో పాటు కాగితం కోసే పరికరం, వేడి యంత్రం, "సంక్రాంతి శుభాకాంక్షలు" అన్న తెలుగు స్టాంపులు ఒక పెట్టెలో సమకూర్చి, ఇంటింటికీ వంతులవారీగా ఇస్తే ఎవరికి వారు బేస్‌మెంట్లు నింపుకోనక్కరలేదు. నా పెట్టెల్లోంచి సగం ఇప్పుడే ఇచ్చేస్తాను, మా ఆయన మోసుకొస్తారు. ఒక శనివారం తెలుగు బడి అయ్యాక పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుందాం. ప్రవేశ రుసుము ఒక్కటే, ఇండియాలోని ఒక చిరునామా.

చివరగా, నేను మొట్టమొదట పంపిన కార్డు గురించి. నల్ల ఇంకుతో ఒక తులసికోట బొమ్మ, లోపల నాలుగు వాక్యాలు, చివర మోకాలి నొప్పి గురించి అదే ప్రశ్న. అయిదు వారాలకు మా నాన్నగారి దగ్గర్నుంచి కవరు వచ్చింది. నొప్పి ఎట్లా ఉందో, ఏ మందు వేసుకుంటున్నారో, ఏది మానేశారో అన్నీ అందులో ఉన్నాయి. ఏడాదిగా నాకు తెలియని సంగతులవి. కింద ఒక గీత గీసి ఇట్లా వ్రాశారు: "ముద్ర ఎడమవైపు సరిగా పడలేదు. ఇంకు ఎక్కువయింది. ప్యాడు మీద మెల్లగా అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కవలెను. మళ్ళీ వేసి పంపు."

మళ్ళీ వేసి పంపాను. ఈ సంచిక మీ చేతికి అందేటప్పటికి సంక్రాంతికి రెండు నెలలకు పైగానే వ్యవధి ఉంటుంది. ముందు చిరునామా వ్రాసుకోండి.

దీపావళి శుభాకాంక్షలతో, సెలవు.