మానసిక రోగి మాట సాక్ష్యము కాదా?

మన నగరమున ఎవరైనను కొంచెము వింతగా మాటలాడినచో "వీనిని ఎర్రగడ్డకు పంపవలెను" అని నవ్వుట పరిపాటి. మన కళాశాల వరండాలలోను ఈ మాట తరచు వినబడుచుండును. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయము ఎన్నియో కుటుంబములకు ఊరట నిచ్చిన చోటు. దాని పేరు మాత్రము మన నోట వెక్కిరింతయై నిలిచినది. ఇది హాస్యమే కదా యని మేమును చాలకాలము భావించితిమి. కాని ఆ నవ్వు వెనుక ఒక తీర్పు దాగియున్నది. అట్టి చోట చేరినవారి మాట నమ్మదగినది కాదు అనునదే ఆ తీర్పు.

కొంతకాలము క్రిందట ఒక విద్యార్థిని మా గదికి వచ్చినది. ఆమె ఎవరో తెలియజేయు వివరములేవియు ఇక్కడ వ్రాయము. ఆమెకు దగ్గరి బంధువొకరు ఒక ప్రైవేటు చికిత్సా కేంద్రమున కొన్ని వారములుండి తిరిగివచ్చిరి. రాత్రివేళ అక్కడి ఉద్యోగి యొకడు తనయెడ జరిపిన అకృత్యమును ఇంటివారికి చెప్పగా, వారు "మందుల మత్తులో ఏదో భ్రమపడితివి" అని నోరు మూయించిరట. "సార్, ఖాలా అబద్ధమాడదు. ఇప్పుడు ఎవరి నడగవలెను?" అని ఆ బాలిక అడిగినది. "నిజముగా మత్తులోనే యుండెనేమో" అని మేమంటిమి. ఆమె మారుమాట లేక వెళ్ళిపోయినది. మాటల విలువను బోధించుటయే వృత్తిగా గల మేము ఒక మాట విలువను తూచుటలో తప్పితిమి. తరువాత న్యాయవాదులైన మిత్రుల నడిగి, చట్టములను చదివి, ఆమెను పిలిపించి చెప్పిన సంగతులనే ఇప్పుడు అందరి కొరకు వ్రాయుచున్నాము.

ఈ విషయమున చట్టము నేటి స్థితికి సులభముగా రాలేదు. 1972లో మహారాష్ట్రమున పోలీసు ఠాణాలోనే ఒక గిరిజన బాలికపై అత్యాచారము జరిగినదని వచ్చిన కేసులో, ఆమె ఒంటిపై గాయములు లేవు గనుక ఆమె సమ్మతించినట్లే యని భావించి సుప్రీంకోర్టు నిందితులను విడిచిపెట్టినది. 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్ మొదలుగా గల నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు ఆ తీర్పును ప్రశ్నించుచు బహిరంగ లేఖ వ్రాసిరి. అంతలోపల 1978లో మన హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక ముస్లిం స్త్రీపై అత్యాచారము జరిగినది. ఆమె భర్త పోలీసుల దెబ్బలకు మరణించెను. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే దోషమని తేల్చినను, కర్ణాటకలో జరిగిన విచారణలో నిందితులు విడుదలైరి. విచారణ పొడవునను ఆమె శీలమునే ప్రశ్నించిరి. ఆమె పేరు పెద్దలకు తెలిసినదే. అయినను మేమిక్కడ వ్రాయము.

ఈ రెండు కేసులు రేపిన ఆందోళన ఫలముగా 1983లో శిక్షాస్మృతి సవరింపబడినది. ఒకరి అధీనములోనున్న స్త్రీపై ఆ అధికారము గలవాడే జరుపు అత్యాచారమును మరింత ఘోరమైన నేరముగా పరిగణించిరి. ఠాణాతోను చెరసాలతోను పాటు ఆ జాబితాలో ఆసుపత్రిని కూడ చేర్చిరి. ఇది గమనింపదగిన విషయము. తలుపు తాళము ఎవరి చేతిలో నున్నదో, మందు ఎవరి చేతిమీదుగా వచ్చునో, వారిముందు రోగి ఖైదీ వలెనే నిస్సహాయురాలు.

ఆ సూత్రమే నేటి భారతీయ న్యాయ సంహితలోను కలదు. 2024 జులై 1 నుండి జరిగిన నేరములకు ఇది వర్తించును. దాని 64వ సెక్షను ప్రకారము ఆసుపత్రి యాజమాన్యమునకు గాని సిబ్బందికి గాని చెందినవాడు అందలి స్త్రీపై అత్యాచారము చేసినచో పది సంవత్సరములకు తగ్గని కఠిన శిక్ష. అది యావజ్జీవమునకు పెరుగవచ్చును. మానసిక వైకల్యము గల స్త్రీపై ఎవరు చేసినను శిక్ష అంతియే. ఇట్టి కేసులలో లైంగిక సంపర్కము రుజువై, తాను సమ్మతింపలేదని ఆమె కోర్టులో చెప్పినచో, సమ్మతి లేనట్లే న్యాయస్థానము భావింపవలెను. "ఆమె ఇష్టపడియే వచ్చినది" యని తప్పించుకొనువానికి 68వ సెక్షను కలదు. పదవిని అడ్డుపెట్టుకొని రోగిని లోబరచుకొన్నచో ఐదు నుండి పది సంవత్సరముల శిక్ష పడును.

ఇక మా విద్యార్థినికి మేమిచ్చిన తప్పు జవాబును గూర్చి. సాక్ష్య చట్టము దీనిని ఎన్నడో తేల్చినది. అడిగిన ప్రశ్న నర్థము చేసుకొని సమంజసముగా జవాబు చెప్పగలిగినంతవరకు, మతిస్థిమితము లేనివారును సాక్షులే. రోగికి భ్రమలుండవచ్చును గదా, నిర్దోషి యైన వైద్యుని గతి యేమి యని కొందరడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని నిజానిజములు తేల్చుటకే దర్యాప్తు కలదు. ఫిర్యాదునే వినకపోవుట దర్యాప్తు కాదు. ఎవరి మాట నెవరును నమ్మరో, దుర్మార్గుడు వారినే ఎన్నుకొనును.

కనుక ఆచరణలో చేయవలసిన దేమి? మొదట, ధరించిన వస్త్రములను ఉతుకరాదు; తేది, వేళ, చెప్పిన మాటలు చెప్పినట్లే వ్రాసియుంచవలెను. ఏ ఆసుపత్రి యైనను, ప్రైవేటుదైనను, బాధితురాలికి వెంటనే ఉచితముగా చికిత్స చేయవలెను, నిరాకరించుట నేరము. ఫిర్యాదు ఏ ఠాణాలోనైనను ఇయ్యవచ్చును. మానసిక వైకల్యము గలవారి వాంగ్మూలమును వారి యింటనే గాని వారు కోరిన చోటనే గాని, అవసరమైనచో వారి మాటను వివరింపగల నిపుణుల సమక్షమున, వీడియో తీయుచు నమోదు చేయవలెను. ఠాణాలో తీసికొననిచో జిల్లా పోలీసు అధికారికి వ్రాయవచ్చును. అటుపై మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మరియొక ద్వారము. లైంగిక వేధింపు నుండి రక్షణను అది ప్రతి రోగికిని హక్కుగా నిచ్చినది. సంస్థాధిపతికి ఫిర్యాదు చేసి, ఫలము కానరానిచో సమీక్షా మండలికి చెప్పుకొనవచ్చును; దానికి రుసుము లేదు. రోగి తన వైద్య పత్రములను అడిగి పుచ్చుకొనవచ్చును. సంస్థపై నష్టపరిహారమునకు రెండేండ్లలోపల వినియోగదారుల కమిషన్‌లో దావా వేయవచ్చును. దోషి దొరకకపోయినను జిల్లా న్యాయసేవాధికార సంస్థను పరిహార మడుగవచ్చును. స్త్రీలకును, మానసిక చికిత్సాలయములలో నున్నవారికిని ఆ సంస్థయే ఉచితముగా న్యాయవాదిని నియమించును. ఫోను సంఖ్య 15100. స్త్రీల సహాయమునకు 181. బాధితులు పదునెనిమిదేండ్లలోపు వారైనచో, బాలుడైనను బాలికయైనను, 2012 నాటి పోక్సో చట్టము వర్తించును. తెలిసియు పోలీసులకు చెప్పకుండుట అప్పుడు నేరము.

లోపములును లేకపోలేదు. వయసు వచ్చిన పురుష రోగిపై ఇట్టి అకృత్యము జరిగినచో న్యాయ సంహితలో దానికి సమానమైన సెక్షనే లేదు. పాత 377వ సెక్షను పోయినది. దాని చోట మరియొకటి రాలేదు. ఇది తీరని అన్యాయము. మరియు మనవారిలో పలువురు రోగులను దర్గాల చెంత నడుచు వసతిగృహములకు కొనిపోవుదురు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో అట్టి గృహమున మంటలు చెలరేగగా గొలుసులతో కట్టబడియున్న రోగులు 28 మంది మరణించిరి. నేటి చట్టము గొలుసులను పూర్తిగా నిషేధించినది. రోగులను ఉంచుకొని చికిత్స చేయు సంస్థ, యునానీదైనను, రిజిస్టరు కావలెనన్నది. దువా చేయుట మన విశ్వాసము. తనిఖీ లేని తలుపు వెనుక మనవారిని విడిచివచ్చుట విశ్వాసము కాదు.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వారిని ఏటేట ఒక దినము పిలిపించి విద్యార్థులతో మాటలాడింపవలెను. పై సంగతులను ఉర్దూలోను తెలుగులోను ఒకే పుటగా అచ్చువేయించి ప్రవేశ పత్రములతోపాటు ఇయ్యవలెను. ఆ పుట ఏ యింటి కవసరమో ముందుగా ఎవరికిని తెలియదు.

విద్యార్థులారా, మీ యింట ఎవరైనను చికిత్స నుండి తిరిగివచ్చి ఇట్టి మాట చెప్పినచో, మేమడిగిన ప్రశ్నను మీరడుగవలదు. "చెప్పుము, వినుచున్నాను" అనుడు. ఆ విద్యార్థిని నేడు తన ఖాలాతో కలిసి న్యాయవాది యొద్దకు వెళ్ళుచున్నది. ఫలిత మేమగునో మేమెరుగము. కాని ఆ యింట ఇప్పుడు ఆమె మాటను వినుచున్నారు.