గాలి అందరిదీ, నీళ్లు కొందరివేనా?

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో చాలాచోట్ల గుట్టల మీద గాలిమరలు కనిపిస్తాయి. రామగిరి ప్రాంతంలో 1990లలోనే ఇవి మొదలయ్యాయి. ఈరోజు ఆంధ్రప్రదేశ్ పవన విద్యుత్ సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది. పైన తయారైన కరెంటు గ్రిడ్‌కు పోతుంది. కింద చెల్కల్లో దళిత రైతు వేసుకున్న వేరుశనగ ఒక్క తడి లేక ఎండిపోతుంది. గాలితో నీళ్లు తోడే పద్ధతి చిన్న రైతు బతుకును మార్చగలదా? మార్చగలదనే నా అభిప్రాయం. కానీ యంత్రం ఇస్తే చాలదు, ఆ నీటి మీద హక్కు ఎవరిదో ముందు తేల్చాలి.

పరిశోధన కోసం ఊళ్లు తిరుగుతున్నప్పుడు ఒక పెద్దమ్మ నాతో అన్నది: "గాలికేం కొదవ పాపా, దినామూ కొడతానే ఉంటాది. నీళ్లే లేవు." ఆమె చెప్పింది ఈ ప్రాంతపు వాతావరణమే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలి బలంగా వీస్తుంది, వాన మాత్రం ముఖం చాటేస్తుంది. వేరుశనగకు ఊడలు దిగి కాయ ఊరే దశలో రెండు మూడు వారాలు వాన పడకపోతే పెట్టుబడంతా పోయినట్టే. అప్పుడు ఒకటి రెండు తడులు ఇవ్వగలిగితే పంట నిలబడుతుంది. గాలి జోరుగా ఉండే కాలమూ నీటి అవసరం తీవ్రంగా ఉండే కాలమూ ఇక్కడ ఒకటే. మబ్బు కమ్మిన రోజుల్లో సోలార్ పంపు మందగిస్తుంది. గాలిమర ఆ రోజుల్లోనూ, రాత్రిపూట కూడా తిరుగుతుంది. కొద్దికొద్దిగా తోడిన నీటిని తొట్టిలో నింపుకుంటే డ్రిప్పుతో అరెకరం కూరగాయలైనా పండుతాయి. డీజిల్ ఖర్చు లేదు, కరెంటు కోసం కాపలా లేదు.

దీనికి పరిమితులూ ఉన్నాయి. గాలి వేగం సగానికి పడితే దానిలోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే గాలిమరను ఎక్కడ పడితే అక్కడ నిలబెట్టలేం. వందల అడుగుల లోతు బోరు నుంచి నీళ్లు లాగడం మామూలు గాలిమరకు సాధ్యం కాదు. బావి, కుంట, చెక్‌డ్యామ్ లాంటి లోతు తక్కువ నీటివనరు ఉండాలి. 1980లలో కేంద్ర ప్రభుత్వం 12 రెక్కలు, 5 మీటర్ల వ్యాసం గల 12-పీయూ-500 గాలిమరలను ప్రోత్సహించింది. ఆరోవిల్‌లో కూడా మంచి నమూనాలు తయారయ్యాయి. అయినా ఆ ప్రయత్నం నిలవలేదు. చెడిపోతే బాగుచేసేవాడు ఊళ్లో లేడు. భూగర్భజలం కిందికి పోయింది. చవక కరెంటుతో మోటార్లు వచ్చాయి.

ఆ మోటార్లు ఎవరి పొలాలకు వచ్చాయన్నదే అసలు ప్రశ్న. కపిలి కాలంలో నీళ్లు తోడే తోలు సంచిని కుట్టింది మాదిగ చెయ్యి. ఆ నీళ్లు పారింది మాత్రం భూస్వామి మడికి. కుట్టినవాడు ఆ బావిలో దిగితే మైల. తర్వాత ఆయిల్ ఇంజన్, కరెంటు మోటారు, బోరు వచ్చాయి. యంత్రం మారిన ప్రతిసారీ నీళ్లు పాత యజమాని దగ్గరికే చేరాయి. 2004 నుంచి అమలవుతున్న ఉచిత కరెంటు కూడా బోరూ కనెక్షనూ ఉన్నవాళ్లకే ఉచితం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో దళితులవి సుమారు 12 శాతం, సాగు విస్తీర్ణంలో వారి వాటా 9 శాతం లోపే. ఆ కొద్ది భూమిలోనూ చాలా భాగం మెట్ట.

చిన్న కమతాల సమస్య మీద బాబాసాహెబ్ 1918లోనే వ్యాసం రాశారు. భూమి విస్తీర్ణం ఒక్కటే చూసి కమతం గిట్టుబాటు అవుతుందో లేదో చెప్పలేమని, దాని మీద పెట్టే పెట్టుబడి, శ్రమ, పనిముట్లతో కలిపి చూడాలని వాదించారు. రెండెకరాల దళిత రైతు విషయంలో ఈ మాటకు అర్థం నీళ్లే. 1927లో మహాద్ చెరువు దగ్గర నీటిని పౌరహక్కుగా నిలబెట్టిన ఆయనే, 1942-46 మధ్య వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో నీటిపారుదల, విద్యుత్ విధానాలకు పునాది వేశారు. హక్కునూ యంత్రాన్నీ ఆయన విడదీసి చూడలేదు.

2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకం సోలార్ పంపుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇచ్చి, మిగతా 40 శాతం రైతు మీద పెట్టింది. అందులో ఎక్కువ భాగానికి బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చంటుంది. పట్టా లేని కౌలుదారుకు, తన పేరున భూమి లేని మహిళకు ఏ బ్యాంకు అప్పిస్తుంది? గాలిమరకైతే ఆ పథకంలో చోటే లేదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. గాలి బాగా వీచి, నీరు లోతు తక్కువగా ఉన్న గ్రామాలను గుర్తించి, గాలిమరను, గాలి-సోలార్ జంట పంపును పథకంలో చేర్చాలి. ఐదారు అసైన్డ్ కమతాలకు కలిపి ఒక బావి, ఒక గాలిమర, ఒక తొట్టి ఇవ్వాలి. వాటిని ఎస్సీ, ఎస్టీ మహిళల సంఘం పేరున రాయాలి. రైతు వాటాను 2013 ఉప ప్రణాళిక చట్టం కింద నిధులతో ప్రభుత్వమే భరించాలి. ఊళ్లోని దళిత యువతకు మరమ్మతు పని నేర్పి, జీతమిచ్చి పెట్టుకోవాలి. గుట్టల మీది కంపెనీలు భూమిని శాశ్వతంగా తీసుకోకుండా కౌలుకు తీసుకోవాలి, ఆదాయంలో కొంత ఆ ఊరి నీటి నిధికి కట్టాలి.

ఇది దయ కాదు. ఆ గాలి మన భూముల మీదుగానే వీస్తోంది. దాని ఫలంలో వాటా అడగడానికి గ్రామసభను మించిన చోటు లేదు. వచ్చే గ్రామసభలోనే ఈ తీర్మానం పెట్టించాలి.

జై భీమ్.